అరగంట నిటారుగా

ఫెర్గస్ ఫాల్స్, మిన్నెసోటా
నవంబర్ 24

వెర్నాకి,

మీ అక్క మార్లిస్ చివరి రోజు ఇలా గడిచింది.

శనివారం. తుంటి ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజు. ఏడు గంటలకు ఓట్స్ జావ సగం తిన్నది. తొమ్మిదిన్నరకు ఇద్దరు నర్సులు లేపి నిలబెట్టారు. నడక ఫ్రేము పట్టుకుని కిటికీ దాకా వెళ్ళింది. ఆరడుగులు. కింద పార్కింగులో మా కారు కనపడింది. "గీత మీదికి ఎక్కించి పెట్టావు. వెళ్ళి సరిగ్గా పెట్టు" అంది. వెళ్ళి సరిగ్గా పెట్టి వచ్చాను. అప్పటికి మళ్ళీ పడుకోబెట్టారు.

మధ్యాహ్నం సూప్ వద్దంది. ఒంటిగంటకు నిద్రపోయింది. రెండూ ఇరవైకి లేచి ఊపిరి ఆడడం లేదంది. గంట నొక్కాను. నలుగురు వచ్చారు. నన్ను బయట నిలబెట్టారు. మూడూ ఐదుకి డాక్టర్ బయటికి వచ్చాడు. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నాడు.

చివరి మాట ఏమిటని అడుగుతావు. "కిటికీ తియ్యి" అంది. ఆ ఆసుపత్రి కిటికీలు తెరుచుకోవు.

తుంటి ఎలా విరిగిందో నీకు సగమే తెలుసు. అక్టోబర్ 31న, చర్చి చేపల విందు కోసం కింద వంటగదిలో ఆడవాళ్ళంతా బంగాళాదుంపలు తరుగుతున్నారు. మార్లిస్ సింకు దగ్గర గిన్నె ఎత్తి పక్కకి తిరిగింది. కాలు జారలేదు, దేనికీ తట్టుకోలేదు. డాక్టర్ మాటల్లో, పడి విరగలేదు, విరిగి పడింది. భుజాలూ తుంట్లూ బిగుసుకునే జబ్బుకి మూడేళ్ళుగా వేసుకుంటున్న ప్రెడ్నిసోన్, ఆ స్టెరాయిడ్ మాత్ర, ఎముకల్ని పలచబరిచిందన్నాడు.

అంత్యక్రియల రోజు చర్చి మెట్ల మీద నన్ను ఆపి, "నోటితో చెబితే వినలేను బావా, రాసి పంపు" అన్నావు. రెండు వారాలు పట్టింది. నాకు తెలిసింది ఇంతే.

ఓరిన్


రోసో
డిసెంబర్ 2

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కారు సంగతి దగ్గర నవ్వొచ్చింది. ఆ తర్వాత లేచి వెళ్ళి గిన్నెలు కడిగాను, అవి అప్పటికే కడిగినవే.

ముప్పై ఏళ్ళు ఆదివారం ఆదివారం అక్కకి రాశాను. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం కలం పట్టుకుంటే ఎవరికి రాయాలో తెలియడం లేదు. కాబట్టి నీకే రాస్తాను. నువ్వు నాలుగు ముక్కలు రాసినా చాలు. నీ నుంచి ఐదోది ఎలాగూ రాదు.

ఒక విషయం నీకు చెప్పొద్దని అక్క దగ్గర మాట తీసుకున్నాను. ఇక ఆ మాట చెల్లదు. సెప్టెంబర్ నుంచి నాకూ అదే జబ్బు. ఒకరోజు పొద్దున్న చొక్కా తొడుక్కోబోతే చెయ్యి పైకి లేవలేదు. రెండు భుజాలూ, రెండు తుంట్లూ కర్రల్లా బిగుసుకుపోయాయి. మంచం దిగడానికి పావుగంట. మంచు మీద నడిచే బండ్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు నిలబడి బోల్టులు బిగించినదాన్ని, సాక్సు వేసుకోలేక ఏడ్చాను.

డాక్టరమ్మ రక్తం చూసి, "మీ అక్కకి వచ్చిందే. నార్వే నుంచి వచ్చిన మీవాళ్ళ ఇళ్ళలో ఇది ఎక్కువ" అంది.

"మా అమ్మమ్మ వెండి చెంచాలన్నీ మా పిన్నికి పోయాయి. మాకు ఇది మిగిలిందన్నమాట" అన్నాను.

ప్రెడ్నిసోన్ రాసింది. రోజుకి పదిహేను మిల్లీగ్రాములు. మూడో రోజుకి గ్యారేజీ మొత్తం ఊడ్చాను. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, రాత్రుళ్ళు నిద్రలేదు, కనపడిందల్లా తింటున్నాను. అయినా చేతులు లేస్తున్నాయి. దేవుడి దయ అనుకున్నాను.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ సీసా మూత తియ్యాలంటే భయంగా ఉంది. నిజం చెప్పు బావా. అక్కని తీసుకెళ్ళింది ఆ మాత్రేనా?

వెర్నా


ఫెర్గస్ ఫాల్స్
డిసెంబర్ 9

వెర్నాకి,

నీ జబ్బు సంగతి నాకు తెలియదు. చెప్పినందుకు సంతోషం.

డాక్టరమ్మకి చెప్పకుండా మాత్ర ఆపకు. ఎముకల స్కాన్ చేయించమని అడుగు. మూడు నెలలు దాటి స్టెరాయిడ్ వాడేవాళ్ళందరికీ చేయించాలి. కాల్షియం, డి విటమిన్ ఎంత వేసుకోవాలో కనుక్కో. రోజూ నడువు. బయటికి వెళ్తే మంచు మీద జారకుండా బూట్లకి మేకుల పట్టీలు తొడుక్కో. గుమ్మం ముందున్న చిన్న తివాచీ తీసెయ్యి.

ఇక్కడ ఆరంగుళాల మంచు పడింది.

ఓరిన్


రోసో
డిసెంబర్ 28

బావా,

నేనడిగిందేమిటి, నువ్వు రాసిందేమిటి? మందుల షాపు గోడ మీద కాగితం చదివినట్టుంది. తివాచీ తీశాను. ఇప్పుడు గుమ్మం దగ్గర కాళ్ళు జివ్వుమంటున్నాయి, సంతోషమేనా?

నీ మాట విని స్కాన్ అడిగాను. డాక్టరమ్మ తానే చెబుదామనుకుందట. జనవరి పదహారుకి రాసింది. ఎముకలు పలచబడి ఉంటే వారానికొక మాత్ర ఇస్తానంది.

అక్కడే నాకు తిక్క రేగింది. అక్క కూడా ఆ వారం మాత్ర వేసుకునేది కదా! రెండేళ్ళ కిందట ఉత్తరాల్లో రాసేది, శనివారం మాత్రకి నాలుగో వారం అనీ, అది మింగడం ఒక తతంగమనీ. ఏం ఒరిగింది? గిన్నె ఎత్తి పక్కకి తిరిగితే తుంటి విరిగింది. ఒక మాత్ర ఎముకల్ని తినేస్తుంది, దాన్ని ఆపాల్సిన రెండో మాత్ర చూస్తూ కూర్చుంటుంది. అలాంటప్పుడు రెండోది ఎందుకు? మొదటిదే మానేస్తే పోలేదా?

పక్కింటి డ్వేన్ నా వాకిట్లో మంచు ఎత్తడానికి వచ్చినప్పుడు ఇదే చెప్పాను. "నాకు ట్రాక్టర్ల గురించి తెలుసు వెర్నా, అందులో నూనె తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే" అన్నాడు. నీకంటే వాడే నయం, ఏదో ఒకటన్నాడు.

అక్క ఆ ఎముకల మాత్ర వేసుకుంది. అయినా విరిగింది. అవునా, కాదా? ఒక్క ముక్క రాయి చాలు.

వెర్నా


ఫెర్గస్ ఫాల్స్
జనవరి 5

వెర్నాకి,

స్కాన్ పదహారున అన్నావు. వెళ్ళు.

మార్లిస్ ఊలు కోట్లు నాలుగున్నాయి. నీలం రంగుది నీకు సరిపోతుందనుకుంటాను. పంపమంటే పంపుతాను. మీ అమ్మ రొట్టెల పెనం కూడా ఇక్కడే ఉంది. నేను చేసుకోను.

అడిగినదానికి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఓరిన్


రోసో
జనవరి 17

బావా,

వచ్చే ఉత్తరం రాలేదు. కోట్ల గురించి రాసింది వచ్చిన రోజే అనుకున్నాను, ఈ మనిషి అవుననలేక ఊరుకున్నాడని. ఆ రోజే మానేశాను. ఈ రోజుకి తొమ్మిది రోజులు. స్కాన్ కూడా వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. ఫోనెత్తిన అమ్మాయి పాపం "ఫరవాలేదండీ, ఎప్పుడైనా రండి" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి మూడు రోజులు బాగానే ఉన్నాను. భుజాలు మళ్ళీ పట్టేశాయి కానీ ఓర్చుకున్నాను. ఇప్పుడు మటుకు ఊళ్ళో తిరుగుతున్న ఫ్లూ నాకూ తగిలినట్టుంది. ఏమీ దిగడం లేదు, ఉప్పు బిస్కెట్లు తప్ప. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. నిన్న రెండుసార్లు కక్కుకున్నాను. ఈ ఉత్తరం మధ్యలో ఆపి పడుకుని, లేచి మళ్ళీ రాస్తున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి కానీ, మాత్ర మానేశానని ఎలా చెప్పను? మంచి మనిషి. నొచ్చుకుంటుంది.

నీలం కోటు పంపు.

వెర్నా


ఫెర్గస్ ఫాల్స్
జనవరి 23

వెర్నాకి, ఆసుపత్రి చిరునామాకి.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మీ క్లినిక్‌కి చేసి నర్సుకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "అంబులెన్స్‌కి నేను చెబుతాను, దగ్గర్లో ఎవరైనా ఉంటే ఈ నిమిషమే పంపండి" అంది. మార్లిస్ చిరునామాల పుస్తకంలో డ్వేన్ నంబరుంది. ఫోన్ చేసి పంపాను. వాడు వెళ్ళేసరికి ఫ్రిజ్‌కి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నావట. వాణ్ణి చూసి, "బూట్లు విప్పి రా" అన్నావట. బతుకుతావని అప్పుడే అనుకున్నానని వాడు చెప్పాడు.

నేను బయల్దేరాను. గాలిమంచుకి హైవే మూసేశారు. డెట్రాయిట్ లేక్స్ దగ్గర వెనక్కి పంపారు. అందుకే రాస్తున్నాను.

నీకు వచ్చింది ఫ్లూ ఒక్కటే కాదు. మన ఒంట్లో మూత్రపిండాల మీద చిన్న గ్రంథులున్నాయి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్ అవే తయారుచేస్తాయి. నెలల తరబడి మాత్ర వేసుకుంటే అవి పని మానేస్తాయి. మాత్ర ఒక్కసారిగా ఆపితే రెండూ ఉండవు. ప్రాణం మీదికి వస్తుంది. ఆపాలంటే డాక్టర్ చేత కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఇది నాకు తెలుసు. డిసెంబర్‌లో "ఆపకు" అని ఒక్క మాట రాసి, ఎందుకో రాయలేదు.

నువ్వు అవునా కాదా అని అడిగావు. కాదు.

మార్లిస్‌కి స్కాన్ రెండేళ్ళ కిందట జరిగింది. వెన్నెముక పలచబడిందన్నారు. వారం మాత్ర రాశారు. నర్సు చెప్పేటప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. పొద్దున్నే పరగడుపున, గ్లాసుడు మంచినీళ్ళతో మింగాలి. అరగంట నిటారుగా కూర్చోవాలి, లేదా నిలబడాలి. ఆ అరగంట ఇంకేమీ నోట్లో పడకూడదు. కాఫీ అసలు పడకూడదు.

పెళ్ళైన మర్నాటి నుంచి పొద్దున్న కాఫీ మంచం దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నలభై ఆరేళ్ళు. అది నీకు తెలుసు, నవ్వేదానివి. నాలుగు శనివారాలు నర్సు చెప్పినట్టే చేశాం. మార్లిస్ దుప్పటి కప్పుకుని వంటింటి కుర్చీలో కూర్చుని గడియారం చూసేది. ఐదో శనివారం బయట సున్నాకి ఇరవై ఎనిమిది కింద. "వారానికొక్క రోజు. కాఫీతో వేసుకుంటే ఏమవుతుంది?" అన్నాను. ఆ మాట తను అనలేదు, నేనన్నాను. సాసర్‌లో కప్పు పక్కన మాత్ర పెట్టి తీసుకెళ్ళాను. కాఫీలో మీగడ కూడా ఉంది. తను మింగి మళ్ళీ దిండుకి ఆనుకుని పడుకుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పాను. ఆ మందు కడుపులో మీగడలోని కాల్షియంకి అంటుకుంటే ఒంటికి పట్టదని నేను ఎవరినీ అడగనక్కర్లేదు.

రెండు నెలలు అలాగే గడిచాయి. గుండెల్లో మంట మొదలైంది. పడుకోవడం వల్లే. ఏప్రిల్‌లో మార్లిస్, "నా వల్ల కాదు, మానేస్తాను" అంది. "నీ ఇష్టం" అన్నాను. ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ డాక్టర్, "వారం మాత్ర వేసుకుంటున్నారా?" అని అడిగేవాడు. మార్లిస్ "ఆఁ" అనేది. నేను తలూపేవాణ్ణి. ఆయన చాలా మర్యాదస్థుడు. అంత చెప్పినా చెయ్యలేదని తెలిస్తే బాధపడతాడని ఇద్దరం అనుకున్నాం. చెప్పి ఉంటే ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే మందు ఇచ్చేవాడు. అలాంటిది ఒకటుందని నాకు నవంబర్‌లో తెలిసింది.

ఆ మాత్ర సరిగ్గా వేసుకునేవాళ్ళకి తుంటి విరగదా? డాక్టర్ని అడిగాను. ఖచ్చితంగా చెప్పలేనన్నాడు. నేను అడిగింది మాత్ర గురించే. కాఫీ గురించి, మానేయడం గురించి చెప్పలేదు. ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ప్రెడ్నిసోన్‌ని నిందించకు. దానికి ముందు మార్లిస్ జుట్టు నేనే దువ్వేవాణ్ణి. అది వేసుకున్న మూడేళ్ళూ తన జుట్టు తనే దువ్వుకుంది, తోట చేసింది, నిన్ను చూడటానికి రోసోకి తనే కారు నడిపింది. ఆ మూడేళ్ళూ ఆ మాత్ర ఇచ్చినవే. తప్పు దాని పక్కన చెయ్యాల్సింది చెయ్యకపోవడంలో ఉంది. నేను ఊరుకుంటే నువ్వు ఆ మాత్ర మీద నెట్టేశావు. నాకు అది సుఖంగా ఉంది. అందుకే ఊరుకున్నాను.

వాళ్ళు ఇచ్చింది వేసుకో. స్కాన్‌కి మళ్ళీ తేదీ అడుగు.

ఓరిన్


రోసో
ఫిబ్రవరి 8

బావా,

ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. కోపంతో రాయలేదు. రెండుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. అందులో నిన్ను అన్న మాటలు మా పాస్టర్ చూస్తే నాకు కమ్యూనియన్ రొట్టె ఇవ్వడు.

అక్క గురించి కాదు కోపం. అక్కని ఎవరు ఆపగలిగారు? చిన్నప్పుడు అమ్మ రోజూ చెంచాడు కాడ్ చేప నూనె పోసేది. అక్క నోట్లో పట్టుకుని బయటికెళ్ళి పిల్లి గిన్నెలో ఉమ్మేది. మా పిల్లి ఎముకలు ఇనుములా ఉండేవి. కాఫీ వద్దని నువ్వు ఎంత మొత్తుకున్నా రెండో నెలకి తనే తెచ్చుకునేది. నువ్వు మొత్తుకోలేదు, అది నీ తప్పు. దాన్ని నేను తక్కువ చెయ్యను, పెద్దదీ చెయ్యను.

నాకు కోపం నా గురించి. డిసెంబర్‌లో అడిగాను. జనవరిలో కోట్ల గురించి రాశావు. ఆ నేల మీద కూర్చుని ఫ్రిజ్ చప్పుడు వింటూ ఎంతసేపున్నానో నాకే తెలియదు. నాకున్నది నువ్వొక్కడివి. ఆ ఒక్కడూ నోరు విప్పలేదు. ఇంకోసారి ఇలా చేస్తే ఆ పెనంతో కొడతాను, ముందు అది పంపు.

డాక్టరమ్మకి అంతా చెప్పేశాను, మానేసిన సంగతి, ఎందుకు మానేశానో, అక్క కాఫీ సంగతి కూడా. నొచ్చుకోలేదు బావా. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "నాకు ఇలాంటివి చెప్పేవాళ్ళు తక్కువ" అంది. నేను సిగ్గుపడాలో పొంగిపోవాలో తెలియక బూట్లు చూసుకున్నాను. ఇప్పుడు ప్రెడ్నిసోన్ పన్నెండున్నరకి దించింది. నెల నెలా కొంచెం తగ్గిస్తుంది. జ్వరమొచ్చినా, వాంతులైనా వెంటనే తనకి ఫోన్ చెయ్యాలట. మణికట్టుకి ఒక బిళ్ళ కట్టించింది, స్టెరాయిడ్ మీద ఉన్నానని. కుక్కకి కట్టినట్టుందన్నాడు డ్వేన్. "కరుస్తాను కూడా" అన్నాను.

స్కాన్ మొన్న గురువారం అయింది. వెన్నులో ఒక పూస అప్పుడే అణిగిపోయి ఉంది. నాకు తెలియనే లేదు. అంగుళమున్నర పొట్టయ్యానట. ప్యాంట్లు సాగాయనుకున్నాను.

వారం మాత్ర వచ్చే శనివారం మొదలుపెట్టమంది. పడకపోతే నరంలోకి ఎక్కించే మందుంది కానీ, ముందు ఇది చూద్దామంది. మా ఇద్దరి మధ్యా ఒప్పందమేమిటంటే, మానేస్తే మానేసిన రోజే చెబుతాను.

నా భయమంతా ఆ అరగంట. తెల్లవారకముందే లేచి, చీకట్లో నీళ్ళు తాగి, గోడ చూస్తూ ఒక్కదాన్నే కూర్చోవాలి. నన్ను నేనెరుగుదును. రెండు వారాలు కూర్చుంటాను. మూడో వారం మింగి, అలాగే మంచమెక్కి దుప్పటి కప్పుకుంటాను. అక్క చెల్లెల్నే కదా.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. చెబితే కాల్షియం గురించి రాస్తావు.

వెర్నా


ఫెర్గస్ ఫాల్స్
ఫిబ్రవరి 14, శుక్రవారం

వెర్నాకి,

పెనం, కోటు నిన్న పార్సెల్ చేశాను.

బుధవారం మార్లిస్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. కాఫీ సంగతి, మానేసిన సంగతి, తలూపిన సంగతి చెప్పాను. ఆయన మార్లిస్ ఫైలు తెరిచాడు. తర్వాత, "నేను 'వేసుకుంటున్నారా' అని అడిగాను. 'ఎలా వేసుకుంటున్నారు' అని అడిగి ఉండాల్సింది" అన్నాడు. కాగితం మీద రాసుకున్నాడు. లేచి చెయ్యి కలిపాడు. బయటికొచ్చి కారులో చాలాసేపు కూర్చున్నాను.

నువ్వు తిట్టింది న్యాయమే. అడిగిన రోజే జవాబు రాస్తాను, ఇక మీదట.

నీ అరగంట గురించి ఆలోచించాను. గడియారం పెట్టుకో, పాటలు పెట్టుకో అని రాయబోయాను. చింపేశాను. ఆ సలహాలు మార్లిస్‌కి కూడా ఇచ్చాను, ఇచ్చి పక్క గదిలో పేపర్ చదువుకున్నాను. ఆ నాలుగు శనివారాలూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే ఐదోది వేరేగా ఉండేది. కూర్చోవాలని నాకు తోచలేదు.

రోసో ఇక్కడికి నూట తొంభై మైళ్ళు. ప్రతి శనివారం రాలేను. ఫోన్ ఉంది. అంతసేపు ఏం మాట్లాడాలో నాకు తెలియదు. నలభై ఐదు నిమిషాల పాఠాలు ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పాను, అరగంట చెప్పలేకపోను. నవంబర్ నుంచి మార్లిస్ గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడి నుంచి మొదలుపెడతాను. నువ్వు మధ్యలో అడ్డుపడి సరిదిద్దవచ్చు. ఎలాగూ దిద్దుతావు.

సోమవారం సెలవు కాబట్టి ఈ ఉత్తరం నీకు మంగళవారానికి గానీ అందదు. అప్పటికి మొదటి శనివారం అయిపోయి ఉంటుంది.

రేపు ఉదయం ఆరు గంటలకు నీకు ఫోన్ చేస్తాను. నువ్వు ఎత్తగానే మాత్ర మింగమంటాను. మింగాక ఆరున్నర దాటేదాకా పెట్టెయ్యను.

ఓరిన్